బొమ్మ గీయని దర్శకుడు

2025 మార్చి చివరి రోజుల్లో మా కుటుంబం వాట్సాప్ గ్రూపు నిండా బొమ్మలే. ఫోటో ఇస్తే కంప్యూటర్ దాన్ని ‘ఘిబ్లీ శైలి’లోకి, అంటే ఘిబ్లీ అనే జపాన్ బొమ్మల సినిమాల స్టూడియో తీరులోకి, మార్చేస్తుందని తెలిసింది మొదలు పెళ్లి ఫోటోలు, గృహప్రవేశాలు, కొండ మీద గుంపుగా దిగిన ఫోటోలు అన్నీ ఒకే రంగులో ముంచి తీసినట్టు వరసగా వచ్చి పడ్డాయి. వాటిలో మా అమ్మమ్మది ఒకటి ఉంది. పెరట్లో నులక మంచం మీద కూర్చుని, ఎవరో ఏదో అన్నందుకు నోరారా నవ్వుతున్న ఫోటో అది. అసలు ఫోటోలో ఆ నవ్వుకు ఆవిడ ముఖమంతా కదులుతుంది. కళ్ల కొసల్లో ముడతలు విచ్చుకుంటాయి. బుగ్గలు రెండు పక్కలా లోతుగా మడతపడతాయి. కంప్యూటర్ ఇచ్చిన బొమ్మలో ఆ మడతలు లేవు. నున్నటి ముఖం, రెండు గులాబీ రంగు బుగ్గలు, వెనక దూదిపింజల్లాంటి మబ్బులు. అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

ఎందుకో చెప్పాలంటే 1991కి వెళ్లాలి. ఆ ఏడాది అదే ఘిబ్లీ స్టూడియో నుంచి ‘ఓన్లీ యెస్టర్‌డే’ అనే సినిమా వచ్చింది. అందులో తాయెకో అనే 27 ఏళ్ల అమ్మాయి నవ్వినప్పుడల్లా బుగ్గల మీద గీతలు పడతాయి. దర్శకుడు ఇసావో తకహాత నటీనటుల మాటలు ముందుగా రికార్డు చేయించి, మాట్లాడేటప్పుడు, నవ్వేటప్పుడు ముఖంలోని కండరాలు ఎలా కదులుతాయో చూసి ఆ గీతలు వేయించారు. వయసులో ఉన్న అమ్మాయి ముఖానికి అలాంటి గీత తగిలిస్తే ముసలితనం వచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే జపాన్ యానిమేషన్ అంతకుముందు దాని జోలికి పెద్దగా పోలేదు. తకహాత పోయారు. ఘిబ్లీ ఏ ఇద్దరు దర్శకుల కోసం 1985లో పుట్టిందో, వారిలో ఒకరు ఏ గీత కోసం పట్టుబట్టారో సరిగ్గా ఆ గీతనే ‘ఘిబ్లీ శైలి’ అనే పేరుతో మా అమ్మమ్మ ముఖం మీది నుంచి తుడిచేశారు.

అప్పటి నుంచి ఈ వ్యాసం రాయాలని ఉంది.

శైలి అంటే గీత అనుకోవడం మన తెలుగువాళ్లకు మరీ సులువు. బాపు గీతను ఆమడ దూరం నుంచి పోల్చుకోగలిగిన వాళ్లం. సినిమానే ‘బొమ్మ’ అని పిలిచే భాష మనది. కాబట్టి బొమ్మల సినిమా తీసే దర్శకుడి శైలి ఆయన వేసే కళ్లు, ముక్కులు, మబ్బుల తీరులోనే ఉంటుందని అనుకుంటాం. పదిహేనేళ్లుగా ఈ సినిమాలు చూస్తూ, మళ్లీ మళ్లీ చూస్తూ నాకు కుదిరిన అభిప్రాయం వేరు. జపాన్ యానిమేషన్ దర్శకులను ఒకరి నుంచి ఒకరిని విడదీసేది కాలంతో వారు చేసే పని. ఎక్కడ ఆగుతారు, ఎక్కడ దాటేస్తారు, ఒక క్షణాన్ని ఎంతసేపు చేతిలో పట్టుకుంటారు అన్నదే వారి సంతకం. దానికి నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం, జీవితమంతా బొమ్మల సినిమాలు తీసినా బొమ్మలు గీసే పని మాత్రం ఎన్నడూ చేయని తకహాత.

1988 ఏప్రిల్ 16న జపాన్ సినిమా హాళ్లలో రెండు సినిమాలు జంటగా విడుదలయ్యాయి. ఒకటి ఘిబ్లీ రెండో దర్శకుడు హయావో మియజాకి తీసిన ‘మై నైబర్ టొటోరో’. రెండోది తకహాత తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’, మిణుగురుల సమాధి. రెండూ గంటన్నర లోపువే. రెండింటిలోనూ నాలుగేళ్ల పాప ఉంది. ఒక పాప పేరు మెయ్, ఇంకొక పాప పేరు సెత్సుకో. మెయ్‌కి అక్క తోడు, సెత్సుకోకి 14 ఏళ్ల అన్న తోడు. ఇద్దరి అమ్మలూ ఇంట్లో లేరు. ఒకరు ఆసుపత్రిలో కోలుకుంటున్నారు. మరొకరు కోబె నగరం మీద పడిన బాంబుల మంటల్లో కాలి చనిపోయారు.

ఈ రెండు సినిమాలూ ఒకేసారి తయారవుతున్నప్పుడు ఒక చిత్రకారుడి కోసం ఇద్దరు దర్శకులూ పట్టుబట్టారు. ఆయన పేరు యోషిఫుమి కొందో. మనిషి కదలికను అంత సూక్ష్మంగా గీయగలిగినవారు చాలా తక్కువమంది. చివరికి, తర్వాత ఘిబ్లీ నిర్మాత అయిన తోషియో సుజుకి తీర్పు చెప్పారు: కొందో తకహాత దగ్గరికే వెళ్లాలి, ఎందుకంటే మియజాకి తప్పనిసరైతే తానే గీసుకోగలరు, తకహాత గీయలేరు. నాకు ఈ ఒక్క సంఘటనలో ఇద్దరి పనితీరూ మొత్తం కనిపిస్తుంది. ఒకరికి సినిమా చేతి నుంచి పుడుతుంది. మరొకరికి కంటి నుంచి.

మెయ్‌ని చూడండి. పెరట్లో ఆడుకుంటూ అడుగు ఊడిన బకెట్ లోంచి తొంగి చూస్తుంది. గడ్డిలో తెల్లటి చిన్న ప్రాణి ఏదో పోతుంటుంది. వంగి దాని వెనకే నడుస్తుంది, పరిగెడుతుంది, పొదల మధ్య సొరంగంలాంటి దారిలో పాకుతుంది, చెట్టు మొదట్లోని తొర్రలోకి దొర్లి, నిద్రపోతున్న టొటోరో దగ్గర తేలుతుంది. ఆ పొట్ట మీదికి ఎక్కి, చివరికి అక్కడే నిద్రపోతుంది. ఇంతసేపూ మాటలు దాదాపు ఉండవు. మనం చూస్తున్నంతసేపూ మన మోకాళ్లకు కూడా మట్టి అంటుతున్నట్టు ఉంటుంది. నాలుగేళ్ల పిల్ల బరువు ఎంత, పరుగు ఆపబోయి ఎటు తూలుతుంది, పొట్ట నేలకు ఆనించి పాకేటప్పుడు కాళ్లు ఎలా ఆడిస్తుంది – ఇవన్నీ మియజాకికి ఒంట్లో తెలుసు. ఆయన పాప లోపలికి దూరి గీస్తారు.

ఇప్పుడు సెత్సుకోని చూడండి. అమ్మ ఇక లేదన్న సంగతి అన్నకు తెలుసు, పాపకు తెలియదు. బడి ఆవరణలో పాప ముడుచుకుని కూర్చుని, అమ్మ దగ్గరికి వెళ్దామని ఏడుస్తుంది. అన్నకు ఏం చెప్పాలో తెలియదు. అక్కడున్న ఇనుప కడ్డీ పట్టుకుని పల్టీలు కొట్టడం మొదలుపెడతాడు. చూడు, నేను ఎంత బాగా చేస్తున్నానో అన్నట్టు. పాప తల ఎత్తదు. వాడు తిరుగుతూనే ఉంటాడు. కెమెరా దగ్గరికి పోదు, కన్నీళ్లను పెద్దవి చేసి చూపదు. దూరంగా, ఖాళీగా ఉన్న ఆ మైదానంలో రెండు చిన్న ఆకారాలను ఉంచి, ఆ దూరాన్ని అలాగే నిలబెడుతుంది. తకహాత ఏ పాత్ర లోపలికీ దూరరు. పక్కన నిలబడి, కళ్లు తిప్పుకోకుండా చూస్తారు. మనల్నీ తిప్పుకోనివ్వరు.

ఆ సినిమా మొదలవడమే అన్న చావుతో మొదలవుతుంది. 1945 సెప్టెంబరు 21 రాత్రి తాను చనిపోయానని సెయితా స్వయంగా చెప్తాడు. సన్నోమియా రైల్వే స్టేషనులో స్తంభానికి ఆనుకుని ఉన్న శరీరం, పక్కన చిన్న మిఠాయి డబ్బా. తర్వాత ఏమవుతుందో అన్న ఉత్కంఠను దర్శకుడు మొదటి నిమిషంలోనే తీసి అవతల పెట్టేశారు. ఇక మిగిలింది చూడటమే. డబ్బాలో మిఠాయిలు అయిపోయాక నీళ్లు పోసి ఊపి, అడుగున అంటుకున్న తీపినంతా పాపకు తాగించడం. మట్టి ముద్దలను అన్నం ముద్దలని అన్నకు పెట్టడం. ఈ పనులకు పట్టే సమయమంతా తెర మీద ఉంటుంది. సెత్సుకో గొంతు ఐదేళ్ల పిల్లది. ఆ మాటలను ముందు రికార్డు చేసి, వాటికి తగ్గట్టు బొమ్మలు వేశారు. మనుషుల చుట్టూ వేసే గీతకు నలుపుకు బదులు గోధుమ రంగు వాడారు. తకహాత 9 ఏళ్ల వయసులో, 1945 జూన్ 29 తెల్లవారుజామున, ఒకయామా నగరం మీద బాంబులు పడుతుంటే అక్కతో కలిసి ఆ మంటల మధ్య పరిగెత్తిన పిల్లవాడు. తెర మీద బాంబులు ఎలా రాలతాయో, రాలాక వీధి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆయన ఊహించి పెట్టలేదు.

మియజాకి గురించి తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. ఆయన తీసిన ప్రతి సినిమా నాకు ఇష్టమే. ఆయన పద్ధతి వింటేనే భయం వేస్తుంది: కథ ముగింపు తనకే తెలియకుండా స్టోరీబోర్డు, అంటే దృశ్యాల వరసను చూపే చిన్న బొమ్మలు, గీయడం మొదలుపెడతారు. అది పూర్తవకముందే కింద చిత్రకారులు మొదటి భాగం బొమ్మలు వేస్తూ ఉంటారు. చేయి ఎటు పోతే కథ అటు పోతుంది. అందుకే ఆయన కథల్లో కలలోని తర్కం ఉంటుంది. ఒక చోట మొదలైన దారి మరెక్కడికో తీసుకుపోతుంది, మనకు అభ్యంతరం ఉండదు. ఎగరడం ఆయనకు పిచ్చి. నాన్నగారి కుటుంబ కర్మాగారంలో యుద్ధ విమానాల తోక భాగాలు తయారయ్యేవి. ఎగిరే యంత్రం ఎంత అందంగా ఉంటుందో, అది ఏం చేసి వస్తుందో రెండూ తెలిసిన ఇల్లు అది.

అలాంటి వేగం ఉన్న మనిషే ఆగడం కూడా ఎరుగుదురు. 2002లో అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ అడిగినప్పుడు ఆయన కొన్నిసార్లు చప్పట్లు కొట్టి, చప్పట్లకు మధ్య ఉన్న ఖాళీని జపాన్‌లో ‘మా’ అంటారని చెప్పారు. ఆ ఖాళీ లేకపోతే మిగిలేది రొద మాత్రమే. ‘టొటోరో’లో బస్సు స్టాపు సన్నివేశం ఆ మాటకు ఉదాహరణ. వాన పడుతోంది. నాన్న ఎక్కి రావలసిన బస్సు రాలేదు. అక్క వీపు మీద మెయ్ నిద్రపోయింది. చీకటి పడుతోంది, దీపం వెలిగింది, ఒక కప్ప రోడ్డు మీద మెల్లగా పోతోంది. అప్పుడు పక్కన ఎవరో వచ్చి నిలబడతారు. గొడుగు అంచు కింది నుంచి ముందు ఆ గోళ్లున్న పాదాలు మాత్రమే కనిపిస్తాయి. తల మీద ఆకు పెట్టుకున్న టొటోరోకి అక్క నాన్న గొడుగు ఇస్తుంది. చెట్ల మీది నుంచి నీటి చుక్క గొడుగు మీద టప్పున పడుతుంది. టొటోరో ఒళ్లు జలదరిస్తుంది. ఇంకొక చుక్క. ఈ చుక్కల మధ్య ఉన్న ఖాళీలోనే సినిమా మొత్తం ఊపిరి పీలుస్తుంది. 2001లో వచ్చిన ‘స్పిరిటెడ్ అవే’లో నీళ్ల మీది రైలు ప్రయాణం కూడా అలాంటిదే. బెర్లిన్ చిత్రోత్సవంలో గోల్డెన్ బేర్ బహుమతి, అమెరికాలో ఆస్కారు అందుకున్న ఆ సినిమాలో నాకు మిగిలింది ఏ యుద్ధమో, ఏ మాయో కాదు. ఒక పాప, పక్కన మాట రాని ముఖం లేని తోడు, కిటికీ బయట సాయంత్రం.

అయితే తేడా ఇక్కడే ఉంది. మియజాకి దగ్గర ఆగడం అంటే పరుగుల మధ్య ఊపిరి. తకహాత దగ్గర పరుగే లేదు. రోజు గడవడమే కథ.

1974లో వారానికొకటి చొప్పున 52 భాగాలుగా టీవీలో వచ్చిన, స్విట్జర్లాండ్ కొండల్లో తాత దగ్గర పెరిగే పిల్ల కథ ‘హైదీ’కి తకహాత దర్శకుడు, మియజాకి ప్రతి భాగానికీ దృశ్యాల అమరిక గీసిన మనిషి. పనివాళ్లు స్విట్జర్లాండ్ వెళ్లి కొండలు, ఇళ్లు చూసి వచ్చారు. ఆ ధారావాహికలో తాత నిప్పు మీద జున్ను కాచి రొట్టె మీద వేస్తాడు. అంతే. రాక్షసులు లేరు, రోబోలు లేరు. జున్ను కరిగి జారడం చూడటానికి దేశం మొత్తం టీవీ ముందు కూర్చుంది. ఈ రోజు ‘ఘిబ్లీ భోజనాలు’ అని లోకం మురిసిపోయే వేడి వేడి తిండి దృశ్యాలన్నిటికీ మూలం నాకు ఆ జున్ను ముక్కలోనే కనిపిస్తుంది.

‘ఓన్లీ యెస్టర్‌డే’లో అనాసపండు సన్నివేశం నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. 1966లో టోక్యోలో ఒక మధ్యతరగతి ఇంటికి మొదటిసారి అనాసపండు వస్తుంది. డబ్బాలో వచ్చే ముక్కలు కాదు, ఆకుల కిరీటంతో సహా నిజమైన పండు. దాన్ని ఎలా కోయాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. కొన్నాళ్లు అలాగే పెట్టి ఉంచుతారు. అక్క ఎక్కడో కనుక్కుని వచ్చాక అందరూ చుట్టూ చేరి, అమ్మ కోస్తుంటే గుడ్లప్పగించి చూస్తారు. వాసన పీలుస్తారు. తలొక ముక్క నోట్లో పెట్టుకుంటారు. గట్టిగా, పుల్లగా ఉంటుంది. ఎవరూ వెంటనే ఏమీ అనరు. ఆ నిశ్శబ్దాన్ని తకహాత ఎంత కొలిచి పెట్టారో! ఒక్కొక్కరే ముక్కలు వదిలేసి లేచి పోతారు. పదేళ్ల తాయెకో మాత్రం బలవంతంగా నములుతూనే ఉంటుంది, ఎంతో ఆశగా ఎదురుచూసిన దాన్ని ఒప్పుకోకుండా ఉండలేక. ఈ బాల్యం దృశ్యాల్లో తెర అంచులు తెల్లగా మాసిపోయి ఉంటాయి. గుర్తున్నంత మేరకే రంగు, మిగతాది ఖాళీ కాగితం. వర్తమానంలో, యమగతా పల్లెలో కుసుమపూలు కోసే దృశ్యాల్లో, ప్రతి ఆకూ ప్రతి ముడతా పూర్తిగా ఉంటుంది. ఒకే సినిమాలో రెండు రకాల బొమ్మలు, రెండు రకాల కాలాలకు.

ఇక్కడ ఎవరైనా న్యాయంగా ఒక ప్రశ్న అడగవచ్చు. గీసింది కొందో, రంగులు వేసింది ఇంకొకరు. అలాంటప్పుడు అది తకహాత శైలి ఎలా అవుతుంది? దీనికి నేను కజువో ఓగా పనిని జవాబుగా చూపిస్తాను. ‘టొటోరో’లో ఆ దట్టమైన పచ్చదనం, ఎండ పడిన మట్టిబాట, కర్పూరం చెట్టు – ఆ నేపథ్యాలకు కళా దర్శకుడు ఓగా. మూడేళ్ల తర్వాత ‘ఓన్లీ యెస్టర్‌డే’లో అంచులు మాసిన ఆ తెల్లదనానికీ ఆయనే కళా దర్శకుడు. 2013లో తకహాత చివరి సినిమా ‘ది టేల్ ఆఫ్ ది ప్రిన్సెస్ కగూయా’లో సగం కాగితం ఖాళీగా వదిలేసిన లేత నీటిరంగుల వెనకా ఆయనే. చేయి ఒక్కటే. మియజాకి దగ్గర ఆ చేయి అడవిని కిక్కిరిసేలా నింపింది. తకహాత దగ్గర అదే చేయి వేయకుండా వదలడం నేర్చుకుంది. శైలి చేతిలోనే ఉంటే ఈ మూడూ ఒకేలా ఉండాలి కదా.

‘కగూయా’ గురించి కొంచెం ఆగి చెప్పాలి. వెయ్యేళ్లు దాటిన వెదురు కోసేవాడి కథ, జపాన్‌లో ప్రతి పిల్లకూ పిల్లవాడికీ తెలిసిన కథ. దాన్ని తెరకెక్కించడానికి 8 ఏళ్లు పట్టింది. ముసలి తండ్రికి గొంతు ఇచ్చిన నటుడు తకెవో చీ సినిమా విడుదల చూడకుండానే 2012లో కన్నుమూశారు. మాటలు ముందే రికార్డు చేసే అలవాటు ఉండబట్టి ఆయన గొంతు మనకు దక్కింది. అందులో ఒక రాత్రి దృశ్యం ఉంది. పల్లెలో చెట్లెక్కి తిరిగిన పిల్లను రాజధానికి తెచ్చి, పట్టుబట్టలు చుట్టి, తెర వెనక కూర్చోబెట్టి, పేరు పెట్టే వేడుక చేస్తున్నారు. తాగిన అతిథులు తనను ఎగతాళి చేయడం ఆమె వింటుంది. లేచి పరిగెడుతుంది. తలుపులు దాటి, పొరలు పొరలుగా బట్టలు జారిపోతుండగా, వెన్నెల్లో రాజధాని వీధి మీదుగా. పరుగు పెరిగేకొద్దీ గీత చెదిరిపోతుంది. అంతవరకు సున్నితంగా ఉన్న బొమ్మ బొగ్గుతో కసిగా గీసిన గీతల గుత్తిగా మారుతుంది. ముఖం ముఖంలా ఉండదు. పూర్తిచేయని బొమ్మ కోపాన్ని మోసినట్టుగా పూర్తయిన ఏ బొమ్మా మోయలేదని నాకు ఆ రాత్రి తెలిసింది. ఆ సినిమా చివర చంద్రలోకం నుంచి దేవతలు ఆమెను తీసుకుపోవడానికి దిగి వస్తారు. జో హిసాయిషి ఆ ఊరేగింపుకు ఇచ్చిన సంగీతం హుషారుగా, పండగలా ఉంటుంది. దుఃఖం అంటే తెలియనివాళ్ల వాయిద్యాలు కదా. ఆ హుషారు విని నేను ఏడ్చినంతగా ఏ విషాద రాగానికీ ఏడవలేదు.

ఈ పట్టుదలకు మూల్యం లేకపోలేదు. 1999లో వచ్చిన ‘మై నైబర్స్ ది యమదాస్’కూ దీనికీ మధ్య 14 ఏళ్లు ఖాళీ. ఆ ‘యమదాస్’ కూడా వార్తాపత్రికలో వచ్చే నాలుగు గళ్ల వ్యంగ్య చిత్రాల్లా, రెండు మూడు గీతలతో తేలిగ్గా కనిపిస్తుంది. ఆ తేలికదనం కోసం స్టూడియో పారదర్శకమైన రేకుల మీద రంగులు వేసే తన పాత ‘సెల్’ పద్ధతి వదిలి మొత్తం పనిని కంప్యూటర్ మీదికి మార్చుకోవలసి వచ్చింది. గీయని మనిషి కలను గీసేవాళ్లు తమ రాత్రులతో చెల్లించారు. కొందో 1998లో 47 ఏళ్లకే మరణించారు. ఈ సినిమాల అందాన్ని పొగిడేటప్పుడు ఆ చేతులను మరిచిపోవడం అన్యాయం.

ఘిబ్లీ గోడలు దాటితే నా వాదానికి మరో చక్కని పరీక్ష 2006లో దొరుకుతుంది. ఆ ఏడాది మ్యాడ్‌హౌస్ అనే ఒకే స్టూడియో నుంచి, యసుతక త్సుత్సుయి అనే ఒకే రచయిత పుస్తకాల ఆధారంగా, రెండు సినిమాలు వచ్చాయి. సతోషి కోన్ తీసిన ‘పాప్రికా’, మమోరు హొసోద తీసిన ‘ది గర్ల్ హూ లెప్ట్ త్రూ టైమ్’. ఇంటి గుమ్మం ఒకటే, లోపలి మనుషులు వేరు.

కోన్‌కు కట్ అంటే ప్రాణం. ‘పాప్రికా’ మొదటి నిమిషాల్లో ఒక అమ్మాయి ప్రకటన బోర్డులోంచి దిగి, కంప్యూటర్ తెరలోకి దూకి, ఎవరి చొక్కా మీది బొమ్మలోకో దూరి, నగరమంతా తిరుగుతుంది. ఒక దృశ్యం ఎక్కడ ముగిసిందో కన్ను పట్టుకునేలోపు తర్వాతి దృశ్యంలో ఉంటాం. నా దృష్టిలో ఆయన గొప్ప సినిమా మాత్రం 2001 నాటి ‘మిలీనియమ్ యాక్ట్రెస్’. ఎప్పుడో తెరమరుగైన నటి చియోకో తన జీవితం చెప్తుంటే, అడగడానికి వచ్చిన అభిమానీ కెమెరామన్ కూడా ఆ జ్ఞాపకాల్లోకి నడిచి వెళ్తారు. ఒకప్పుడు తాళంచెవి వదిలి మాయమైన మనిషి కోసం ఆమె పరిగెడుతుంది. గుర్రం మీద ఒక యుగంలో, రిక్షాలో మరో యుగంలో, సైకిలు మీద ఇంకొక యుగంలో. పరుగు ఒక్కటే, కట్ పడిన ప్రతిసారీ శతాబ్దం మారుతుంది. ఆమె జీవితమో, నటించిన సినిమానో విడదీయడం సాధ్యం కాదు, ఆమెకూ అక్కర్లేదు. గీసిన బొమ్మలో అవసరమైనది మాత్రమే ఉంటుంది కాబట్టి కన్ను దాన్ని ఫోటో కంటే వేగంగా చదువుతుంది. ఆ వెసులుబాటును కోన్ వాడుకున్నంతగా ఎవరూ వాడుకోలేదు. తకహాత ఒక అనాసపండుకు ఇచ్చే సమయంలో కోన్ వెయ్యేళ్లు తిరిగి వస్తారు. 87 నిమిషాల్లో ఒక జీవితం, ఒక దేశపు సినిమా చరిత్ర. 2010 ఆగస్టు 24న, 46 ఏళ్లకే క్యాన్సర్ ఆయనను తీసుకుపోయింది. చేతిలో ఉన్న సినిమా అలాగే ఆగిపోయింది.

హొసోద దానికి సరిగ్గా అవతలి ఒడ్డు. ఆయన సినిమాలో మకోతో అనే అమ్మాయికి కాలంలో వెనక్కి దూకే శక్తి వస్తే, చెల్లెలు తినేసిన పుడ్డింగ్ కోసం, కరావొకెలో ఇంకాసేపు పాడటం కోసం వాడేస్తుంది. ముగ్గురు స్నేహితులు విడిపోయే దారుల కూడలి మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ కెమెరా అదే చోట, అదే కోణంలో. చోటు మారకపోవడం వల్లే మనుషులు మారారని తెలుస్తుంది. ఆయన పాత్రల ఒంటి మీద నీడలు వేయరు, చదునుగా ఉంటాయి, అందుకని దూరం నుంచి చూసినా ఒంటి కదలిక స్పష్టంగా అందుతుంది. 2012 నాటి ‘వుల్ఫ్ చిల్డ్రన్’లో బడి వరండా వెంట కెమెరా పక్కకు జరుగుతూ ఒక తరగతి గది నుంచి మరో తరగతి గదికి పోతుంటే పిల్లలు ఏడాదికేడాది పెరిగిపోతారు. తల్లిదండ్రులకు ఆ దృశ్యం గొంతులో అడ్డుపడుతుంది. ఇంకొక మాట: మకోతో తల మీద ఆ వేసవి మబ్బులకు కళా దర్శకుడు నిజో యమమోతో. ‘మిణుగురుల సమాధి’కి పని చేసినదీ ఆయనే. అక్కడ బాంబులు మోసిన ఆకాశం, ఇక్కడ సెలవుల ముందు ఆకాశం.

దర్శకుడు మకోతో షింకాయ్ గురించి నా మాట కొంతమందికి నచ్చదు. 2002లో ఇంట్లో కంప్యూటర్ మీద దాదాపు ఒంటరిగా 25 నిమిషాల సినిమా చేసిన మనిషి, 2016లో ‘యువర్ నేమ్’తో ప్రపంచాన్ని గెలిచిన మనిషి. ఆయన రైలు తీగలు, తడిసిన రోడ్లు, అద్దం మీద వెలుగు చూస్తే కళ్లు నిండిపోతాయి. ఆ వెలుగు కింద నిలబడిన మనుషులు మాత్రం నాకు తరచుగా పలచగా కనిపిస్తారు. తాయెకో బుగ్గల మీద ఉన్నంత జీవితం వాళ్ల ముఖాల్లో ఉండదు. అయితే 2007 నాటి ‘ఫైవ్ సెంటీమీటర్స్ పర్ సెకండ్’లో మంచులో ఆగి ఆగి పోయే రైలు ఉందే, అది నన్ను ఓడించింది. పదమూడేళ్ల పిల్లవాడు స్నేహితురాలిని చూడటానికి బయల్దేరాడు, రైలు గంటల కొద్దీ ఆలస్యం. చేరాల్సిన వేళ దాటిపోయింది, వాడు చేయగలిగింది ఏమీ లేదు. ఎదురుచూపు ఎంత పొడవుగా ఉంటుందో అంత పొడవూ ఆ రైలు పెట్టెలో ఉంది.

నవోకో యమద ఈ వరసలో అందరికంటే చిన్నవారు. 2018లో ఆమె తీసిన ‘లిజ్ అండ్ ది బ్లూ బర్డ్’ బడి గోడల మధ్యే దాదాపు మొత్తం నడుస్తుంది. మొదట్లో ఒబో వాయించే అమ్మాయి, ఫ్లూటు వాయించే అమ్మాయి ఒకరి వెనక ఒకరు వరండాల్లో నడిచి వెళ్తారు. అంతే జరుగుతుంది. ముందు నడిచే పిల్ల అడుగులో ఎగురుడు ఉంది, జడ ఊగుతుంది. వెనక నడిచే పిల్ల ఆ జడనే చూస్తూ పాదం ఆచితూచి వేస్తుంది. యమద ముఖాల కంటే కాళ్లను నమ్ముతారు, ముఖం దాచినది పాదం చెప్పేస్తుందని. తకహాత చూపుకు అసలైన వారసులు ఎవరని నన్ను అడిగితే ఘిబ్లీలో వెతకను, ఆమె పేరే చెప్తాను.

తకహాత 2018 ఏప్రిల్ 5న 82 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. కదలికను గీయడంలో లోకంలోనే సాటిలేని మియజాకి, గీయని ఆ మనిషిని జీవితమంతా తన మొదటి ప్రేక్షకుడిగా పెట్టుకున్నారు. 2023లో వచ్చిన ‘ది బాయ్ అండ్ ది హెరన్’లో రాళ్లు పేర్చి ప్రపంచాన్ని నిలబెట్టే ఆ వృద్ధుడు తకహాతేనని సుజుకి చెప్పారు.

మా అమ్మమ్మ అసలు ఫోటోను మళ్లీ గ్రూపులో పెట్టాను. కింద ఏమీ రాయలేదు.

2018 మే 15న మితకాలోని ఘిబ్లీ మ్యూజియంలో తకహాత సంస్మరణ సభ జరిగింది. 77 ఏళ్ల మియజాకి కాగితం చూసి చదువుతూ మధ్యలో గొంతు పూడుకుపోయి ఆగిపోయారు. ఆయన మొదలుపెట్టినది 1963 నాటి ఒక సాయంత్రంతో. నెరిమా వెళ్లే బస్సు కోసం ఎదురుచూస్తున్నారట. వాన అప్పుడే వెలిసింది, దారి పొడుగునా నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ గుంటల మధ్య నుంచి ఒక యువకుడు తన వైపు నడిచి వచ్చి పలకరించాడు. తాను ‘పాకు-సాన్’ అని పిలుచుకునే తకహాతను ఆయన చూడటం అదే మొదటిసారి. చివర్లో మళ్లీ అక్కడికే వచ్చారు: 55 ఏళ్ల కిందట వాన వెలిసిన ఆ బస్సు స్టాపులో నన్ను పలకరించిన పాకు-సాన్‌ను మరిచిపోనని.